ఎర్ర రిబ్బను జీపు

చిలుకూరు బాలాజీకి హుండీ లేదు. అదే మొయినాబాద్ మండలంలో దిగే మన సేవామూర్తికి మాత్రం ఉంది. దాన్ని ఫోన్ కెమెరా అంటారు. హెచ్ఐవీ ఉన్న ఒకామె ఇంటి ముందు ఎర్ర రిబ్బను బొమ్మేసిన జీపు ఆపుతాడు. వాడకట్టంతా బయటికొచ్చి నిలబడ్డాక ఆమె దగ్గరికి జరిగి మెల్లగా అంటాడు: "భయపడకు చెల్లె, నీ సంగతి ఎవ్వరికీ చెప్పం."

2017లో పార్లమెంటు హెచ్ఐవీ చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోనిదే జబ్బు సంగతి బయటపెట్టరాదని దాన్లో ఉంది. జీపు గురించి రాయలేదు, పాపం.

లోపల కూర్చోగానే మొదటి ప్రశ్న: "ఎట్లొచ్చింది?" షుగరొచ్చినోణ్ణి ఎన్ని లడ్డూలు తిన్నవని ఎవరైనా అడుగుతారా? చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు కొట్టొద్దని హైదరాబాద్ పెద్దమనుషులు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. మంచిదే. ఏ చెట్టునూ ఎట్ల మొలిచినవని నిలదీయలేదు. ఎట్లొచ్చినా వేసుకునే మందులు అవే. సర్కారు 2004 నుంచి ఉచితంగానే ఇస్తోంది. వేళ తప్పకుండా వేసుకుని, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, కాపురం చేసినా అవతలివాళ్లకు అంటదు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆయన మాత్రం గంటసేపు శీలం గురించి చెబుతాడు.

పింఛను కాగితం అడిగితే? చిలుకూరులో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఇక్కడ 108 ముందే చేయాలి. పక్కన నడవాల్సిన సేవకుడు ఆ రోజు సదస్సులో ఉంటాడు.

మంచివాళ్లు లేరా? ఉన్నారు. బస్సు దిగి, చుట్టాల్లా వచ్చి, "గోలీలు ఎన్ని మిగిలినయ్ వదినా?" అని అడిగి పోతారు. ఊరికి వాళ్లెవరో తెలియదు. అవార్డులిచ్చేవాళ్లకు అసలే తెలియదు.

డిసెంబరు 1న, ఎయిడ్స్ దినం నాడు, మన సేవామూర్తి మైకులో గొంతు చించుకున్నాడు: ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు! అటునుంచి అటే ఆమె ఇంటికొచ్చాడు. ఆమె రెండు కప్పుల చాయ్ పెట్టి తెచ్చింది. "అయ్యో, ఇప్పుడే తాగొచ్చిన చెల్లె" అన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

జీపు డ్రైవరు లోపలికొచ్చి రెండు కప్పులూ తాగేశాడు. చక్కెర జర తక్కువైందన్నాడు.