కట్ట మీద జపం

కంభంలో కాపురముండేవాళ్లకి తెల్లారేది చెరువుకట్ట మీదే. నల్లమలలో పుట్టి రెండు కొండల సందులోంచి జారిపోయే గుండ్లకమ్మకు అడ్డకట్ట వేయించి ఇంత చెరువు చేసింది విజయనగర రాచకుటుంబానికి చెందిన వరదరాజమ్మ అని అక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. కట్ట ఎత్తు 57 అడుగులు. నిండిన ఏడు నీళ్లు ఏడు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఊరివాళ్ల గర్వం మాత్రం అంతకంటే చాలా పాతది.

బదిలీ మీద ఆ ఊరు వెళ్లిన నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడి ఖర్చులేని సంతోషం. టికెట్టు లేదు, క్లబ్బు లేదు. పొద్దున్నే కట్ట మీద నడిచేవాళ్లు, గాలం వేసి గంటలకొద్దీ ఉలుకూ పలుకూ లేకుండా కూచునేవాళ్లు, కార్తీకంలో క్యారియర్లు కట్టుకొచ్చి చెట్ల కింద బంతి సాగించేవాళ్లు. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడ్డ నేల మీద పిల్లల క్రికెట్టు. చెరువు ఏ కాలానికి ఏ ఆట ఇస్తే ఊరు ఆ ఆట ఆడుతుంది. ఇంతకంటే హాయైన బతుకు నేనెక్కడా చూడలేదు.

కట్ట మీద అందరిలోకీ పెద్ద పేరు ఒక రిటైరైన హెడ్మాస్టరు గారిది. చెరువులో నీళ్లున్నన్నాళ్లూ సెలవురోజుల్లో మగపిల్లలకు ఈత నేర్పేవారు, పైసా పుచ్చుకోకుండా. నడుముకు బెండ్లో, మూత బిగించిన ఖాళీ నూనె క్యాన్లో కట్టి నీళ్లలో దించేవారు. ముందు ఊపిరి బిగబట్టడం, తర్వాత వెల్లకిలా తేలడం, అది వచ్చాకే చేతులు వేయడం. తూము వైపు పోయినవాడికి చెవి మెలిపెట్టేవారు. తూము ఎత్తినప్పుడు నీళ్లు పైకి నిమ్మళంగా కనిపిస్తూనే అడుగున లాగుతుంటాయి.

ఆయన భార్య రోజూ వెంట వచ్చేవారు. భుజాన తువ్వాలు, పక్కన విడిచిన చెప్పులు, నడుముకు బిగించిన కొంగు. రాతిమెట్టు మీద కూచుని నీళ్లకేసి చూస్తూ, పెదాలు కదుపుతూ, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. జ్వరమొచ్చినా, తుంపర పడుతున్నా మానేవారు కాదు. పలకరిస్తే చిన్నగా నవ్వేవారు గానీ చూపు తిప్పేవారు కాదు.

"మా ఆవిడకి నీళ్లంటే చచ్చేంత భయం" అనేవారు సారు. "పాదం కూడా తడవనియ్యదు. ఇంటికాడ ఉండవే అంటే వినదు, తువ్వాలు తనే అందియ్యాలంటది. సరే, ఇక్కడైతే రామజపం బాగా కుదురుతుందిలే అని ఊరుకున్నా." కట్ట మీద అందరూ ఆ మాటే అనేవాళ్లు. ఈ రోజుల్లో అంత పతిభక్తి ఎక్కడుందని మెచ్చుకునేవాళ్లు.

మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. దానికీ నేర్పమని అడిగాను. "ఆడపిల్ల గదమ్మా, ఊళ్లో బాగుండదు" అన్నారాయన, నన్ను నొప్పించకుండానే. ఒక ఆడమనిషి కట్టించిన చెరువులో ఆడపిల్ల ఈదితే బాగుండకపోవడమేమిటని నా కడుపు మండింది. నీళ్ల ఒడ్డున పెరిగే బిడ్డకు ఈత రావడం నడక వచ్చినంత అవసరం. ఆ మాట అన్నాను కూడా. సారు మాట మార్చేశారు. ఆవిడ మాత్రం ఎన్నడూ లేనిది నీళ్లమీంచి చూపు తిప్పి మా అమ్మాయిని ఒక్క క్షణం చూశారు. వెంటనే మళ్లీ పెదాలు కదిలాయి.

దసరా సెలవులు. చెరువు నిండుగా ఉంది, పిల్లలు ఎప్పటికంటే ఎక్కువగా వచ్చారు. సారు కొత్తగా చేరినవాడి వీపు కింద చెయ్యి పెట్టి తేలడం నేర్పుతున్నారు. మిగతావాళ్లు కేకలు వేస్తూ ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చిమ్ముకుంటున్నారు. నేను ఆవిడ పక్కనే కూచుని ఉన్నాను. ఆవిడ బొటనవేలు ఒక కణుపు మీద ఆగింది. మళ్లీ మొదట్నుంచి నడిచింది. మళ్లీ అక్కడే ఆగింది. తువ్వాలు నా ఒళ్లో పడింది. కుచ్చిళ్లు గోచీ దోపడం, నీళ్లలోకి దూకడం రెప్పపాటులో అయిపోయాయి.

మునిగిపోయేవాడు అరవడు. ఊపిరికే నోరు చాలదు, ఇక కేకెక్కడిది? నడుముకు కట్టిన క్యాను తాడు ఊడి, ఎనిమిదేళ్ల పిల్లాడొకడు తూము వైపు పోతున్నాడు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంది. బారెడు దూరంలో ఆడుకుంటున్న పిల్లలకే తెలియలేదు. ఆవిడ బారలు వేసుకుంటూ వెళ్లి, వాడి చేతులకు చిక్కకుండా వెనకనుంచి చంకల కింద పట్టి, మొహం పైకి ఉండేలా ఈడ్చుకొచ్చారు. గట్టు మీద పక్కకు తిప్పి పడుకోబెడితే వాడు నీళ్లు కక్కి ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు చెవిన పడ్డాకే ఆవిడ మెట్టు మీద కూలబడ్డారు.

సారు పరుగున వచ్చారు. పిల్లాణ్ణి తడిమి చూసి, ఆవిడ వైపు తిరిగారు.

"నీకు ఈతొచ్చా?"

"మాది కృష్ణ ఒడ్డు గదండీ. చిన్నప్పుడు లంకలోకి ఈదుకుంటా పోయి జామకాయలు తెచ్చుకునేదాన్ని."

"ఎన్నడూ చెప్పలేదే!"

"కాపురానికొచ్చిన కొత్తలో చెప్పా. ఊళ్లో బాగుండదన్నారు."

ఆయన నోట మాట రాలేదు. ఆవిడ కొంగు పిండుకుంటూ మా అమ్మాయిని దగ్గరికి పిలిచారు. "రేపు పాత డ్రెస్సేదన్నా వేసుకొని రామ్మా. నేను నేర్పుతా."

కాసేపటికి సారు మెల్లగా అడిగారు. "అది సరే... జపంలో ఉన్నదానివి, వాణ్ణెట్లా కనిపెట్టావే?"

ఆవిడ నా ఒళ్లోంచి తువ్వాలు తీసి ఆయన భుజాల మీద కప్పారు.

"జపమెక్కడిదండీ. ఇన్నేళ్లూ తలకాయలు లెక్కపెట్టుకుంటా కూచున్నా. మీది కూడా కలిపి."