దుండిగల్ రిటర్న్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఈ మూడూళ్ల మధ్య తిరిగే పైలట్ ఒకడున్నాడు. ఒకడంటే ఒక్కడే కాదు, అదో బాపతు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో సీటొచ్చినప్పుడు బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టారు. తిరిగొచ్చేసరికి దాన్ని ఎవరు విప్పారో ఎవరికీ తెలియదు. ఇప్పుడది మేనమామ గొడ్లకొట్టం మీద కప్పి ఉంది. వానకు చుక్క కారదు.

ఆకాశంలో చప్పుడైతే చాలు, తల ఎత్తకుండానే "ఏటీఆర్" అంటాడు. ఒకసారి అది పక్క మడిలో వరికోత మిషన్.

ఎందుకు తిరిగొచ్చాడన్నది అడిగిన ఊరిని బట్టి ఉంటుంది. సూర్యాపేటలో నడుం నొప్పి. కోదాడలో ఉత్తరాది ఇన్‌స్ట్రక్టర్ పగబట్టడం. మిర్యాలగూడలో పిల్లనిచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడ "నేనే వద్దనుకున్న". జరిగింది నిజానికి చిన్న సంగతే, తలదించుకోవాల్సిందేం లేదు. దుండిగల్‌లో పిలాటస్ విమానం మీద నేర్పుతారు. ఇన్ని గంటల్లో ఒంటరిగా ఎగిరే స్థాయికి రావాలని ఒక లెక్క. రాకపోతే పెద్ద ఇన్‌స్ట్రక్టర్లు పక్కన కూర్చుని పరీక్షిస్తారు. అప్పటికీ చెయ్యి కుదరకపోతే ఫ్లయింగ్ ఆపేస్తారు. ఇంకో నెల ఇస్తే కుదిరేదేమో, కానీ ఫౌజులో ఆ నెల దొరకదు. గ్రౌండ్ డ్యూటీకి మారే వీలు కొందరికి ఉంటుంది. మనవాడి దగ్గరా ఆ మాటొచ్చిందట. "నేల మీది కొలువైతే మా మిల్లుల లేదా?" అని పెట్టె సర్దుకున్నాడు.

ఊళ్లో మొహం మీద ఎవరూ ఏమీ అనరు. 2020లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. యూనిఫాం అంటే అక్కడ నవ్వులాట కాదు. ఆ మర్యాదలో కొంత మనవాడికీ ఉత్త పుణ్యానికి దక్కుతోంది.

అకాడమీకి పోకముందు ఇతగాడికి ఎయిర్‌లైన్ పైలట్లంటే చులకన. "బస్సు నడుపుడే గద" అనేవాడు. ఇప్పుడు ఫ్లయింగంటే ఎయిర్‌లైన్‌దే, మిగతాదంతా సర్కస్. హైవే మీద బస్సులు ఆగే హోటల్లో ఈ సిద్ధాంతం చెబుతుంటే పక్క బల్ల మీది ఆర్టీసీ డ్రైవర్ చెవిన పడింది.

"2023ల ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చింది కాకా. ఎయిరిండియా 470. గవన్ని ఎవరు నడుపుతరు?"

"నువ్వు నడుపుతవా బిడ్డా?"

"మరి? నాకు అవర్స్ ఉన్నయ్."

"లైసెన్సు?"

"గది ఫార్మాలిటీ."

డ్రైవర్ సాసర్లోకి టీ వంచుకుని నిమ్మళంగా ఊదాడు. "గా ఫార్మాలిటీ లేకుంటె మా డిపోల స్టీరింగ్ గూడ ముట్టనియ్యరు బిడ్డా" అని తాగేసి వెళ్లిపోయాడు.

ఆ ఫార్మాలిటీ సంగతి చూద్దాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, అదిచ్చే డీజీసీఏ అడిగేది 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు విమానం తన చేతిలో, తన బాధ్యత మీద నడిపినవై ఉండాలి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండి నేర్పిన గంటలు ఈ వందలోకి రావు. సోలో దాకా రాకుండానే దుండిగల్ దాటినవాడి ఖాతాలో ఆ వందకు గాను ఉన్నది సున్నా. ఇవికాక నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు అంటూ పేపర్లుంటాయి, ఒక్కోదానికి 70 శాతం రావాలి. రేడియో లైసెన్సు వేరే. ఇంత అయ్యాక కూడా ఎయిర్‌బస్సో బోయింగో నడపడానికి టైప్ రేటింగని ఇంకో చదువు. ఆపైన కంపెనీ పెట్టే రాతపరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష. ఆ 970 విమానాలు ఒక్కరోజే శంషాబాద్‌లో దిగవు, ఏళ్ల తరబడి వస్తుంటాయి.

ఇదంతా మిర్యాలగూడలో తండ్రికి ఒక్క ముక్కలో చెప్పాడు: "యాభై లక్షలు నాయినా." అది మొదటి మెట్టేనని, టైప్ రేటింగ్ అందులో లేదని చెప్పలేదు. తండ్రి రైస్‌మిల్లు మనిషి. క్యాలెండర్ వెనకవైపు పెన్నుతో లెక్క కట్టాడు: క్వింటా 5,000 చొప్పున వెయ్యి క్వింటాళ్ల సన్నబియ్యం, అంటే నాలుగు లారీలు. "నాలుగు లారీలు పంపిస్త. అన్‌లోడింగ్ గ్యారంటీ ఎవరిస్తరు?" అన్నాడు. విమానయాన రంగం మీద ఇంత సూటి ప్రశ్న నేనెక్కడా వినలేదు.

ప్రశ్న తేలేలోపు మనవాడు కోదాడ చేరాడు. అక్కడ డిఫెన్స్ కోచింగ్ సెంటర్లో చెబుతున్నాడు, పంద్రాగస్టుకు కాలేజీల్లో ముఖ్య అతిథి. పాఠం మాత్రం బాగా చెబుతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ల్యాండింగ్‌లో ముక్కు ఎప్పుడెత్తాలో రెండు చేతులూ చాపి చూపిస్తే వెనక బెంచీ కూడా నిశ్శబ్దం. డీజీసీఏ పుస్తకాలూ కొన్నాడు. మొదటిదానికి అట్ట వేసి ఉంది.

తమాషా ఏమిటంటే దారి నిజంగానే ఉంది. దుండిగల్‌లో ఆపేశారని డీజీసీఏ లైసెన్సు ఇవ్వననదు. యుద్ధవిమానానికి కావాల్సిన చురుకు ఒకటి, ఎయిర్‌లైన్‌కు కావాల్సిన ఓపిక ఇంకొకటి. అక్కడ ఇద్దరు కూర్చుని, చెక్‌లిస్టు చదువుకుంటూ, చెప్పినట్టు నడపాలి. తలకిందులుగా తిప్పమని ఎవరూ అడగరు, తిప్పితే ప్రయాణికులు ఊరుకోరు. నిదానంగా నేర్చుకునేవాడు అందులో చక్కగా రాణించగలడు. ఈ దారిలో మనవాడికి తక్కువైంది చెయ్యి కాదు, కుర్చీలో కూర్చుని చదివే నడుం. అంటే సూర్యాపేటలో చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటివాడుంటే పొలం బేరం పెట్టకండి. ముందు క్లాస్ 2 మెడికల్‌కు పంపండి, తర్వాత క్లాస్ 1కు. రెండూ పాసై, వాతావరణం పేపర్లో 70 తెచ్చుకుని వస్తే అప్పుడు లారీల మాట మాట్లాడండి. డబ్బే ముందు కట్టాలంటాడా, ఈ సీజనుకు మిల్లులో కాంటా దగ్గర కూర్చోబెట్టండి.