రాత్రి ఎంతకు దిగింది?

నేను థర్మామీటరుని. జ్వరం చూసే రకం కాదు, గాలి వేడిమి చూసే రకం. మామూలు థర్మామీటరు ఆ క్షణాన ఎంతుందో చెప్పి ఊరుకుంటుంది. నేను అలా కాదు. మీరు నిద్రపోతున్నప్పుడు చలి ఎంతదాకా దిగి వెళ్లిందో పట్టి ఉంచి, పొద్దున్నే చూపిస్తాను. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో, ఒక తెలుగువారింటి వెనక గోడకు ఉంటున్నాను. ఉత్తరం వైపు, మనిషి కళ్లెత్తులో. అక్కడే ఎందుకంటే నా మీద ఎండ పడకూడదు. పడిందా, గాలి వేడి మానేసి నా గాజు వేడి చెబుతాను.

మా వంశానికి మూలపురుషుడు జేమ్స్ సిక్స్, ఇంగ్లండులోని కాంటర్బరీ ఊరివాడు. 1780లో ఆయన రూపొందించిన అమరికే ఇప్పటికీ నాలో ఉంది. యూ అక్షరంలా వంచిన గాజు గొట్టం, అందులో ఆల్కహాలు, వంపులో పాదరసం. (ఈమధ్య వచ్చే నా తోటివాళ్లు చాలామందిలో పాదరసం ఉండటం లేదు.) రెండు కొమ్మల్లోనూ పాదరసం మీద చెరొక సన్నని ఉక్కు ముక్క. చలి పెరిగితే ఆల్కహాలు ముడుచుకుంటుంది, పాదరసం ఎడమ కొమ్మలోకి ఎగబాకి ఆ ఉక్కు ముక్కను ముందుకు తోస్తుంది. తెల్లవారి వేడి ఎక్కాక పాదరసం వెనక్కి తగ్గుతుంది గానీ ఉక్కు ముక్క తగ్గదు, గాజును పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. అది ఆగిన చోటే ఆ రాత్రి అతి తక్కువ అంకె. చూసుకున్నాక అయస్కాంతంతో దాన్ని మళ్లీ పాదరసం దాకా లాగి ఉంచుతారు.

సిక్స్ అంతటితో ఆగలేదు. తన థర్మామీటర్లను కాంటర్బరీ కెథడ్రల్ గోపురం మీదా, కింద నేలకు దగ్గరగానూ పెట్టి పోల్చి చూశాడు. మబ్బులేని నిశ్చలమైన రాత్రుల్లో నేల దగ్గరే చలి ఎక్కువ, పైన వెచ్చన అని తేలింది. ఈ సంగతిని 1784లో లోకానికి చెప్పాడు. తోట పెంచేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది. గోడ మీద నేను 36 ఫారెన్‌హీట్ (నా అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) చూపించిన రాత్రి కూడా, అంటే గడ్డకట్టే 32కి ఇంకా పైనే ఉన్నప్పుడు, కింద వంగమొక్క ఆకుల మీద తెల్లగా ఫ్రాస్ట్ పేరుకుంటుంది. గాలి కదలకుండా చుక్కలు స్పష్టంగా కనబడే రాత్రయితే నా అంకెలోంచి నాలుగైదు తీసేసి చదువుకోవాలి.

నన్ను ఈ ఇంటికి తెచ్చింది ఈ ఇంటి కోడలు. మొక్కలంటే ఆమెకు ప్రాణం. గోంగూర, వంగ, బీర నేలలో వేస్తుంది. అవి ఎలాగూ ఒక్క వేసవి మొక్కలు, అక్టోబరుతో సరి. కరివేపాకు, మల్లె, తులసి కుండీల్లో ఉంటాయి. కంచె పక్కన గులాబీలు, హైడ్రాంజియా ఉన్నాయి. తెనాలి నుంచి అత్తగారు వచ్చి ఉన్న ఏడాది, సెప్టెంబరు చివర ఒక సాయంత్రం కుండీలు లోపలికి మోయటం మొదలుపెట్టింది.

"ఇప్పుడేగా చల్లబడింది, అప్పుడే లోపల పెట్టేస్తున్నావేమే?" అన్నారు అత్తగారు.

"రాత్రి 48కి దిగింది అత్తయ్యా. కరివేపాకుకి ఇక ఎదుగుదల ఆగిపోతుంది. ఫ్రాస్ట్ తగిలిందంటే లేత కొమ్మలు నల్లబడిపోతాయి."

"మన ఊళ్లో చలికి చెట్టు చావటం ఎప్పుడన్నా చూశామా?"

చూడరు. తెనాలి పెరట్లో నన్ను కట్టి ఉంచినా, సంక్రాంతి చలిలో కూడా నా ఉక్కు ముక్క 50 ఫారెన్‌హీట్ కిందికి, అంటే 10 సెల్సియస్ కిందికి, ఎప్పుడోగాని పోదు. అక్కడి కరివేపాకు తన జన్మలో ఎరగని చలి ఇక్కడ అక్టోబరులోనే వస్తుంది.

అమెరికాలో ఏ మొక్క ఏ చోట చలికాలం దాటగలదో చెప్పే పటం ఒకటుంది. 1927లో ఆర్నల్డ్ ఆర్బొరేటమ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ రేడర్ అలాంటి పటం ఒకటి వేశాడు. 1960లో వ్యవసాయ శాఖ తన పటాన్ని ప్రచురించింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2023 నాటిది. ఏడాదిలో అతి చల్లని రాత్రి అంకెను తీసుకుని, 1991 నుంచి 2020 దాకా ముప్ఫై ఏళ్ల అంకెల సగటు కట్టి, దేశాన్ని 13 జోన్లు చేశారు. జోనుకూ జోనుకూ 10 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా. మేమున్నది 7వ జోన్, అంటే 0 నుంచి 10 ఫారెన్‌హీట్, సుమారు −18 నుంచి −12 సెల్సియస్. రాత్రి అతి తక్కువ అంకెను పట్టి ఉంచే పనితోనే ఈ పటమంతా తయారైంది, అది నా పని కూడా కనుక నాకు గర్వమే. కానీ అది సగటు. సగటు అన్నాక కొన్నేళ్లు అంతకంటే కిందికి పోతుంది. నర్సరీలో చీటీ మీద "7వ జోన్" అని చూసి కొనుక్కున్న మొక్క, అలాంటి ఏడాది ఒక్కటి వచ్చినా పోవచ్చు.

ఇన్ని శీతాకాలాలు ఈ గోడ మీద గడిపి నేను తెలుసుకున్నది ఇంకొకటుంది. నా అంకె ఒక్క రాత్రిది. మొక్క ఆ రాత్రికి ఆగస్టు నుంచే సిద్ధపడుతూ వస్తుంది. పగలు కురచ కావటం ఆకులు కనిపెడతాయి, మొక్క చిగురు వేయటం ఆపేస్తుంది. రాత్రులు చల్లబడుతున్నకొద్దీ కణాల్లో చక్కెరలు పెరుగుతాయి, కణం పొర తన కొవ్వుల కూర్పు మార్చుకుంటుంది. చలి గడ్డకట్టే దాకా వచ్చినప్పుడు నీరు కణంలోంచి మెల్లగా బయటికి జారి, కణాల మధ్య సందుల్లో గడ్డ కడుతుంది. లోపల మిగిలింది చిక్కని ద్రవం, అది అంత తేలిగ్గా గడ్డకట్టదు. కణం లోపలే మంచు ముక్కలు పుడితే పొర చిరిగి కణం చస్తుంది. బయట పుడితే కణం ఎండుతుందేగాని బతికే ఉంటుంది. చలిని తట్టుకోవటమంటే చాలావరకు దాహాన్ని తట్టుకోవటమే.

ఈ సిద్ధపాటుకు వారాలు పడతాయి. జనవరిలో 0ని ఓర్చుకునే కొమ్మే, అక్టోబరులో అకస్మాత్తుగా 20 వస్తే మాడిపోతుంది. 1940 నవంబరు 11న ఇదే జరిగింది. అయోవా రాష్ట్రం అప్పట్లో ఆపిల్ తోటలకు పెట్టింది పేరు. శరదృతువు వెచ్చగా సాగింది, చెట్లు ఇంకా చలికి సిద్ధపడలేదు. ఆ రోజు మంచుతుఫాను దిగి, ఆ ప్రాంతంలో కొన్నిచోట్ల ఒక్క రోజులోనే 50 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా పడిపోయింది. అంతకంటే ఘోరమైన జనవరులు చూసిన ఆపిల్ చెట్లు ఆ నవంబరుకు చచ్చిపోయాయి. ఆ రాష్ట్రపు ఆపిల్ వ్యాపారం మళ్లీ ఆ స్థాయికి రాలేదు.

అందుకే ఆగస్టు దాటాక గులాబీలకు నత్రజని ఎరువు వేయవద్దని నా కోరిక. వేస్తే లేత చిగుళ్లు వస్తాయి, అవి సిద్ధపడేలోగా చలి వచ్చేస్తుంది. బలంగా కత్తిరించినా అంతే. నీళ్లు మాత్రం నేల గడ్డకట్టే దాకా ఇవ్వాలి. చలికాలంలో ఆకు రాల్చని మొక్కలకు మరీనూ. ఆకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది, గడ్డకట్టిన నేల తిరిగి ఇవ్వదు. ఎదుటింటి రోడోడెండ్రాన్ 20 కిందికి దిగిన పొద్దుట తన ఆకులన్నీ కిందికి వాల్చి చుట్టలు చుట్టేసుకుంటుంది. అది చచ్చిపోయిందని కంగారు పడతారు, ఎండ వచ్చి వేడెక్కితే మళ్లీ విప్పుతుంది.

పక్కింటి ఇటాలియన్ పెద్దాయన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఆయన దగ్గర అంజూర చెట్టు ఉంది. సుమారు 10కి దిగితే అంజూరపు కొమ్మలు పోతాయి, వేరు బతికి మళ్లీ మొలుస్తుంది గానీ ఆ ఏడాది పళ్లు ఆలస్యం. ఆకులు రాలగానే కొమ్మలన్నీ దగ్గరికి లాగి తాడుతో కట్టేస్తాడు. చుట్టూ గోనెపట్టా చుట్టి లోపల ఎండుటాకులు కూరుతాడు. వాన నీళ్లు దిగకుండా పైన కొస మీద బక్కెట్టు బోర్లిస్తాడు. తడిసిన ఆకులు కుళ్లి బెరడును పాడుచేస్తాయి, అందుకు ఆ బక్కెట్టు. ప్లాస్టిక్ ఒంటిపొరగా ఎప్పుడూ చుట్టడు. ఎండకి లోపల ఉడికిపోతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది, మొక్క ఆ రెంటి మధ్యా నలిగిపోతుంది.

ఆయన చెప్పగా విని మా ఇంటి కోడలు గులాబీల మొదళ్లకు మట్టి గుట్టగా పోయటం మొదలుపెట్టింది. అంటు కట్టిన ముడి ఆ మట్టిలో ఉంటే పై కొమ్మలు పోయినా ముడి బతుకుతుంది. ఎండుటాకులు మాత్రం నేల గడ్డకట్టాకే పరుస్తుంది. ఆకులు నేలను వెచ్చగా ఉంచటానికని చాలామంది అనుకుంటారు. వాటి అసలు పని నేలను ఒకే చలిలో ఉంచటం. పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ ఉంటే మట్టి ఉబ్బి, నిరుడు వేసిన చిన్న మొక్కలను వేళ్లతో సహా పైకి నెట్టేస్తుంది. స్నో బాగా పడిన ఏడాది ఆ బెంగ తక్కువ. అడుగు మందం స్నో కింద, నేను 0 చూపిస్తున్నా, నేల 30 చుట్టుపక్కలే ఉంటుంది.

కుండీలకు ఆ రక్షణ లేదు, చలి అన్ని వైపుల నుంచీ వేళ్లను తాకుతుంది. కొమ్మల కంటే వేళ్లు సున్నితం. నేలలో 7వ జోనును ఓర్చే మొక్క బయట కుండీలో ఓర్చదు. ఒకటి రెండు జోన్లు ఎక్కువ చలిని తట్టుకునేదైతేనే కుండీలో ఉంచాలి.

హైడ్రాంజియాది ఇంకో రకం దుఃఖం. చెట్టు బతుకుతుంది, ఆకులు దండిగా వేస్తుంది, పువ్వు మాత్రం ఉండదు. పెద్ద ఆకుల రకాలు చాలావరకు నిరుటి కొమ్మ మీదే మొగ్గ కడతాయి. మార్చిలో నాలుగు వెచ్చని రోజులకు ఆ మొగ్గ మేలుకుని ఉబ్బుతుంది, ఏప్రిల్‌లో ఒక్క 26 వచ్చి దాన్ని చంపేస్తుంది. జనవరి కంటే ఏప్రిల్‌లోనే నా ఎడమ కొమ్మను ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. అంతకు ముందటి పటంతో పోలిస్తే 2023 పటంలో దేశం సగటున 2.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు వెచ్చబడింది, సుమారు సగం దేశం అరజోను ముందుకు జరిగింది. అంతమాత్రాన ఏప్రిల్ ఫ్రాస్ట్ మానలేదు.

ఇక కరివేపాకు. ఇంట్లో దక్షిణం కిటికీ దగ్గర ఉంటుంది, హీటరు గాలికి ఎర్రనల్లి పడుతుంది. ఆకుల అడుగు భాగం వారానికోసారి నీళ్లతో కడగాలి. సగం ఆకులు రాల్చేస్తే చచ్చిందని పారేయకూడదు. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటే నిద్రపోతున్నట్టే. నీళ్లు తగ్గించి ఓపిక పట్టాలి. ఇండియా నుంచి ఇంకో మొక్క తెచ్చుకుందామంటే కుదరదు. కరివేపాకు నిమ్మ కుటుంబానిది, దాని మీద నిమ్మ తోటలను నాశనం చేసే తెగులును మోసుకొచ్చే పురుగు ఉంటుందని మొక్కనీ పచ్చి ఆకునీ రానివ్వరు. ఉన్న మొక్కే దిక్కు.

మేలో రాత్రులు 50 పైన నిలకడగా ఆగాక దాన్ని బయట పెడతారు. మొదటి వారం నీడలోనే. కిటికీ వెలుతురుకు అలవాటైన ఆకు ఎండలో తెల్లబడి కాలిపోతుంది. తర్వాత పొద్దుటి ఎండ గంట, రెండు గంటలు, ఆ తర్వాత పూర్తిగా. అత్తగారు తెనాలి వెళ్లాక కూడా ఫోన్‌లో ముందు అడిగేది అదే: "రాత్రి ఎంతకు దిగిందే? కరివేపాకు బయట పెట్టావా?"

"54 అత్తయ్యా. ఇవాళే పెట్టాను, మెట్ల కింద నీడలో."