ఇద్దరు పెద్దమనుషులు కావలెను

భోగినాడు మురమళ్ల బరి చుట్టూ ఇసకేస్తే రాలని జనం. పుంజు కాలికి కత్తి కట్టడం గుడ్లప్పగించి చూసినవాళ్లూ, పందెం కాసి జేబు ఖాళీ చేసుకున్నవాళ్లూ వేలల్లో ఉంటారు. పండగ వెళ్లాక ఏ చెరువు గట్టు మీది షెడ్డులోనో పోలీసులు రెండు పుంజులు, నాలుగు కత్తులు పట్టుకుంటారు. మధ్యవర్తుల రిపోర్టు రాయాలి. చిత్రం, ఊరు ఊరంతా మాయం! వీఆర్వో ఒక్కడే దొరుకుతాడు.

చట్టం కోరింది గొంతెమ్మ కోరికేం కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షనైనా, 2024 జులై 1 నుంచి దాని చోట్లో కూర్చున్న నాగరిక్ సురక్షా సంహిత 103వ సెక్షనైనా అడిగేది ఒకటే: సోదాకు ముందు ఆ చుట్టుపక్కల స్వతంత్రులు, గౌరవనీయులు కనీసం ఇద్దర్ని మధ్యవర్తులుగా పిలవండి. కారణం లేకుండా రానంటే నేరం కూడాను. రొయ్యల రైతు గౌరవనీయుడే, కానీ మేత వేళ. మేష్టారు స్వతంత్రుడే, కానీ కోర్టు వాయిదాలంటే దణ్ణం పెడతాడు. మిగిలింది సర్కారు జీతగాడు. ఆయన స్వాతంత్ర్యం సంగతి స్టేషన్ నుంచి ఫోనొస్తే తెలుస్తుంది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల పదవుల్ని ఊడబెరికింది. రిపోర్టు అడుగున వాళ్ల సంతకాల జాగా మాత్రం చెక్కుచెదరలేదు.

ఊళ్లోవాళ్లని కోర్టుకి పిలవడంలో పాతకాలం జ్యూరీయే నయమనిపిస్తుంది. 1898 కోడ్ ప్రకారం సెషన్స్ జడ్జీ, కలెక్టరూ కలిసి జాబితా రాసేవారు. 21 నుంచి 60 ఏళ్ల మగవాళ్లకే అందులో చోటు. ఆడవాళ్లకి బుర్ర ఉంటుందని దొరలకి తోచలేదు కాబోలు. అయినా చీటీలు తీసేవారు, తగిన కారణం చూపి ‘ఈయన నాకొద్దు’ అనే హక్కు ముద్దాయికి ఉండేది. 1958లోనే లా కమిషన్ జ్యూరీ వద్దంది. మరుసటేడు నానావతి హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది, 1973 కోడ్ జ్యూరీని సాగనంపింది. మధ్యవర్తికి జాబితా లేదు, చీటీ లేదు. ఎంచుకునేది కేసు కట్టినవాడే.

ఇప్పుడు కొత్త సంహిత ప్రకారం సోదా వీడియో తీయాలట. సంతకంతో పాటు వీఆర్వో మొహం కూడా కావాలన్నమాట.

కేసు కోర్టు మెట్లెక్కేసరికి పుంజులు వేలంలో అమ్ముడై ఎవరి పలావులోనో కలిసిపోయి ఉంటాయి. రెండో మధ్యవర్తిగా లాక్కొచ్చిన ఓ కూలీ ‘తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారండి’ అని అడ్డం తిరుగుతాడు. వీఆర్వో వంతు వస్తుంది. డిఫెన్సు లాయరు కళ్లజోడు సర్దుకుని అడుగుతాడు:

“పట్టుకున్న పుంజు రంగు డేగాండీ, కాకాండీ?”

“రిపోర్టు ఓసారి ఇప్పించండి, చూసి చెబుతాను.”