మార్గళిలో మఫ్లరు బాబాయిగారు

మార్గళి, అదే మన ధనుర్మాసం, పుడితే చెన్నైలో మా పశ్చిమ మాంబళం వీధిలో చలికాలం ఒక్క ఇంటికే వస్తుంది. అది మఫ్లరు బాబాయిగారిల్లు. తెల్లవారుజామున కూడా ఇక్కడ ఇరవయ్యో, ఇరవై ఒకటో డిగ్రీలు ఉంటుంది. లంబసింగి నుంచి చుట్టం దిగితే ఫ్యాను వేయమంటాడు. బాబాయిగారు మాత్రం మంకీ క్యాపు లాక్కుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, రాణికి ఎర్ర స్వెట్టరు తొడిగి, వాకిట్లో ముగ్గులు తొక్కనివ్వకుండా నడిపించుకొస్తారు.

రాణి సైబీరియన్ హస్కీ. దాని తాతముత్తాతలు మంచులో బండ్లు లాగినవాళ్ళు. రెండు పొరల బొచ్చు పుట్టుకతో వచ్చింది, మూడో పొర పిన్నిగారు అల్లింది. మే నెలలో దీనికోసమే పగలంతా ఏసీ. ఆ కరెంటు బిల్లు చూసి అప్పుడు వణికే మనిషి, రాణికి చలేస్తుందేమోనని ఇప్పుడు వణుకుతాడు.

"నోరులేని జీవం నాయనా, చలేస్తోందని చెప్పుకోలేదు కదా!"

ఉక్కపోస్తోందని మాత్రం మూరెడు నాలుక బయటపెట్టి చెబుతూనే ఉంది. వినేదెవరు?

మొన్న థర్మామీటరు పెట్టి చూశారు. 101.5. ఇల్లంతా గగ్గోలు. ఆటో ఎక్కి వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి పరుగు. రాణి తల నా ఒళ్ళో, మఫ్లరు కొస నా నోట్లో. "1903లో పెట్టిన కాలేజీ, వాళ్ళకి తెలియని జ్వరం ఉండదు" అని దారిపొడుగునా ఆయన నాకు ధైర్యం చెప్పారు. నేను అడగలేదు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "కుక్కకి 101 నుంచి 102.5 దాకా మామూలే సార్. మీ ఒంటి లెక్క దానికి పెట్టకండి." స్వెట్టరు విప్పించింది. అడుగున వాన తడి ఆరని బొచ్చు, చెవి వెనక బఠాణీ గింజల్లా మూడు పిడుదులు!

చెన్నై కుక్కకి చలి ఏమీ చేయదు, చేసేదంతా వానే. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరుదాకా తోక ఊపుతూనే ఉంటాయి. పిడుదులు మోసుకొచ్చే జ్వరం రక్తాన్ని పీల్చి పిప్పి చేస్తుంది. వీధిలో నిలిచిన నీళ్ళలో ఎలుకల మూత్రం కలిస్తే ఎలుక జ్వరం, అది మనుషులకీ అంటుతుంది. ఏటేటా టీకా వేయించాలి, షికారు నుంచి రాగానే వేళ్ళ సందులు పొడిగా తుడవాలి, చెవులు వెతకాలి. డాక్టరమ్మ చెబుతుంటే బాబాయిగారు పంచాంగం వెనక రాసుకున్నారు.

"తిండేం పెడుతున్నారు?"

"ఏముందమ్మా, ధనుర్మాసం కదా, రోజూ గుళ్ళో చక్కెర పొంగలి. నేతిలో వేయించిన ద్రాక్షంటే దానికి ప్రాణం."

ఈసారి ఆవిడ నవ్వలేదు. ఎండు ద్రాక్ష కుక్కల మూత్రపిండాలని పాడుచేస్తుంది. కొన్నిటికి గుప్పెడు కూడా అక్కర్లేదు. స్వెట్టరు కప్పి, ప్రేమగా విషం పెడుతున్నారన్నమాట పాపం.

ఇప్పుడు రాణి హాయిగా ఉంది. బాబాయిగారు పొద్దున్నే భూతద్దం పట్టుకుని దాని చెవులు వెతుకుతున్నారు, మఫ్లరు జారి అడ్డొస్తున్నా విప్పరు. రాణి వంతు చక్కెర పొంగలి రోజూ ఏడున్నరకి మా ఇంటికొస్తోంది. దాని గిన్నెలో కాదులెండి.