కబుర్ల ఆఫీసరు

మా అప్ప కొడుక్కి ఢిల్లీలో ఒక అంతర్జాతీయ ఆరోగ్య సంస్థలో ఉద్యోగమొచ్చింది. సంస్థ పేరు రాయను. రాస్తే ఈ కాలమ్‌కి ఖండన రాసే పని కూడా వాడి నెత్తి మీదే పడుతుంది. హోదా కమ్యూనికేషన్స్ ఆఫీసర్. సంక్రాంతికి కాశీబుగ్గ వచ్చినప్పుడు మా అమ్మ వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి విచారణ మొదలెట్టింది.

"మందులిస్తావేట్రా బావూ?"

"ఇవ్వను అమ్మమ్మా."

"సూదులేస్తావా?"

"వెయ్యను."

"మరేటి సేస్తావు?"

"ఆరోగ్యం గురించి జనానికి సమాచారం చేరవేస్తాను."

మా అమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే కబుర్లు సెప్తావు. మీ తాత పలాస టేసన్లో బల్ల మీద కూకోని ముప్పయ్యేల్లు అదే పని సేసినాడు. దమ్మిడీ ఇచ్చినోడు నేడు."

ఆ పూట నుంచి మా వీధికి వాడు కబుర్ల ఆఫీసరు. ఒక ఇంగ్లీషు హోదాకి ఇంత నికార్సయిన తెలుగు దొరకడం అరుదు. పరిభాషా సంఘానికి అప్పగించి ఉంటే 'సంచార సంప్రేషణాధికారి' అని పెట్టేవారు. వాడికి పెళ్ళి సంబంధాలు కూడా వచ్చేవి కావు.

మార్చిలో వాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి డ్యూటీ మీద. వెంట ఒక ఫోటోగ్రాఫరు, ఒక కారు, మెడలో ఒక బిళ్ళ. మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. 2006 నుంచి లోకమంతా జరుపుతోంది. ఉద్దానంలో మిగతా 364 రోజులూ అదే జరుగుతుంది కనక మాకా రోజు ప్రత్యేకంగా గుర్తుండదు.

దూరపు పాఠకుల కోసం ఒక మాట. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ సముద్రపు పట్టీకి ఉద్దానమని పేరు. ఉద్యానవనమన్న మాటే అరిగి ఇలా మిగిలిందంటారు. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి ఆ వనాన్ని పడుకోబెట్టింది, అది వేరే కథ. అసలు కథ కిడ్నీలది. సుగరు లేదు, ముందునుంచీ బీపీ లేదు, ఒళ్ళొంచి తోటలో పనిచేసుకునే మనిషి. ఒకరోజు కాళ్ళు వాస్తాయి, అన్నం సయించదు, పరీక్ష చేయిస్తే రెండు కిడ్నీలూ ఎప్పుడో చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటాయి. 1990ల నుంచీ ఇదే వరస. 2020లో అచ్చయిన ఒక అధ్యయనం ఊరూరా తిరిగి పరీక్షలు చేసి, పెద్దవాళ్ళలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బుందని తేల్చింది. ఎందుకొచ్చిందో మాత్రం తేలలేదు.

వాడు వచ్చింది 'అవగాహన పెంచడానికి'. టీ కొట్టు దగ్గర కారాపి, కరపత్రాలు చేతబట్టుకుని దిగాడు. అక్కడ బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"మీవోడికి ఎంతొచ్చింది?"

"ఆరు దాటీసింది."

"మా బామ్మర్దికి తొమ్మిది. అయినా తోటకెల్తన్నాడు."

మావాడు జీడిపిక్కల ధర అనుకున్నాడు. కిడ్నీల సత్తా చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్ అని తెలిశాక ముఖం వాడింది. మిగతా రాష్ట్రంలో మనుషులు ఎండ గురించో ఎన్నికల గురించో మాట్లాడుకున్నంత తీరుబడిగా ఇక్కడ సీరం క్రియాటినిన్ గురించి మాట్లాడుకుంటారు. బడికెళ్ళని ముసలమ్మ కూడా ఎన్ని మిల్లీగ్రాముల దగ్గర విశాఖ బండెక్కాలో చెబుతుంది. ఇలాంటి చోట అవగాహన పెంచడమంటే నువ్వలరేవు జాలరికి ఈత నేర్పడమే. అయినా తెచ్చినవి పంచాలి కదా. కరపత్రంలో మొదటి వాక్యం: 'మూత్రపిండాలు చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి.' టీ కొట్టాయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "జీడిపిక్క ఆకారమని రాయించకపోయారా బావూ, మా ఊరికి కలిసొచ్చేది" అన్నాడు.

నిజమే కదా. లోకంలో ఇన్ని కాయలుండగా సరిగ్గా కిడ్నీ రూపంలో ఉన్న పిక్కనే తెచ్చి ఇక్కడ పాతారు, బ్రెజిల్ నుంచి. ఆ పోలిక పట్టుకున్నవాడు టీ కొట్టులో ఉన్నాడు, జీతం ఢిల్లీలో ఉంది.

ఇక జబ్బు పేరు. డాక్టర్లు దీన్ని సీకేడీయూ అంటారు. మొదటి మూడక్షరాలూ దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు. చివరి 'యూ' ఉద్దానమేమో అని మేం చాలాకాలం మురిసిపోయాం, మన ఊరి మొదటక్షరం అంతర్జాతీయమైందని. కాదట. 'తెలియదు' అని అర్థమట. తెలియదన్న మాట నోటితో అంటే అజ్ఞానం. దాన్నే ఒక ఇంగ్లీషు పొడక్షరం చేసి పేరు చివర తగిలిస్తే శాస్త్రం. ఆ అక్షరం విప్పితే 'తెలియని' అని రావాలా, 'అనిశ్చిత' అని రావాలా అని కూడా పండితుల్లో రెండు వాడుకలున్నాయి. శ్రీలంక వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోత కూలీలకీ ఇదే తీరు జబ్బు. అక్కడా ఇలాంటి పేర్లే. పేర్ల విషయంలో పరిశోధన బాగా ముందుకెళ్ళింది.

ఇంకో సంగతి. కొత్త జబ్బులకి ఊళ్ళ పేర్లు పెట్టొద్దు, ఆ ఊరివాళ్ళకి తలవంపులని 2015 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలిచ్చింది. మంచి సూచన. మంకీపాక్స్‌ని 2022 నవంబరులో ఎంపాక్స్ చేశారు, కోతుల పరువు నిలబడింది. అప్పటికే మా జబ్బు 'ఉద్దానం నెఫ్రోపతీ' అని వైద్య పత్రికలకెక్కి కూర్చుంది. ఉద్దానం పిల్లాడంటే పిల్లనివ్వడానికి బయటివాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్న రోజులవి. ఆ సూచనలేవో ముందే వచ్చి ఉంటే మా కుర్రాళ్ళు కొందరు ఈపాటికి అల్లుళ్ళయి ఉండేవారు.

గురువారం ర్యాలీ తీశారు. బడిపిల్లల చేతుల్లో అట్టలు. ఒక అట్ట మీద 'రోజూ నీళ్ళు బాగా తాగండి' అని ఉంది. కిడ్నీల మంచికి ప్రపంచమంతా చెప్పే మాటే. ర్యాలీ వీధి మలుపు తిరిగింది. అక్కడ బోరు పక్కనే పాత బోర్డు: ఈ నీరు తాగరాదు. జబ్బుకి మూలం నీళ్ళలోనే ఉందని ఊళ్ళో గట్టి నమ్మకం. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు; ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమూ కావచ్చన్నారు, నొప్పి మాత్రలూ కావచ్చన్నారు, వంశంలోనూ ఉండొచ్చన్నారు. పిల్లలు బోరు దగ్గర ఆగి రెండు బోర్డుల్నీ మార్చిమార్చి చదివారు. ఇంకో పది గజాలు నడిస్తే డయాలిసిస్ మీదున్న ఒకాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయనకి డాక్టరు రోజుకి లీటరు లోపే అని నీళ్ళు కొలిచి పెట్టాడు. ఆయన అట్ట చదివి ఏమీ అనలేదు. పక్కనున్న సీసా తీసి, ఎంత మిగిలిందో చూసుకుని, మూత పెట్టుకున్నాడు.

తాగు, తాగకు, కొలిచి తాగు. ఒకే వీధిలో మూడు సందేశాలు, మూడూ సరైనవే. దీన్ని వాళ్ళ భాషలో ఏమంటారని మావాణ్ణి అడిగితే, 'సందేశాల సమన్వయ లోపం' అన్నాడు. (ఇప్పుడు హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెస్తున్నారు, 700 కోట్ల పథకం. ఆ వీధికి నీళ్ళొచ్చాక బోర్డు మారుస్తారనుకుంటా.)

తర్వాత ఫోటో. వాళ్ళ పద్ధతి ప్రకారం రోగి దీనంగా కనిపించకూడదు. గౌరవం ఉట్టిపడాలి, కళ్ళలో ఆశ కనబడాలి, వెనకాల పచ్చదనం ఉంటే మరీ మంచిది. కవిటి వైపు ఒక రైతు, నలభై ఆరేళ్ళ మనిషి, ముందు సంతకం పెట్టి తర్వాత కొబ్బరిచెట్టు కింద నిలబడ్డాడు. "కొంచెం ఆశగా చూడండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. రైతు కష్టపడి చూశాడు. "ఇంకొంచెం." "బావూ, నిన్న నాలుగ్గంటలు మిసన్నుమీద పడుకున్నాను. ఉన్నదంతా ఇదే" అన్నాడాయన.

ఢిల్లీ వెళ్ళాక మావాడు వార్త రాశాడు. మొదటి వాక్యం నాకు ఫోన్లో చదివి వినిపించాడు: 'ఇక్కడ మనుషులు పోతున్నారు, ఎందుకో ముప్పై ఏళ్ళుగా ఎవరూ చెప్పలేకపోతున్నారు.' శభాష్ అన్నాను. ఆ వాక్యం ఆమోదానికి బయల్దేరింది. సాంకేతిక విభాగం 'పోతున్నారు' తీసేసింది, లెక్కల్లో ఏకాభిప్రాయం లేదని. దేశ కార్యాలయం 'ముప్పై ఏళ్ళు' తీసేసింది, ప్రభుత్వాలు నొచ్చుకుంటాయని. పై కార్యాలయం 'ఎవరూ' తీసేసింది, దాతలు కూడా అందులోకి వస్తారని. ఆ పైవాళ్ళు 'ఇక్కడ' తీసేశారు, ఊరి పేరు తలవంపులు గనక. మూడు వారాలకి వాక్యం తిరిగొచ్చింది: 'బహుళ కారకాల పాత్రను తోసిపుచ్చలేని పరిస్థితిపై భాగస్వాములతో సంప్రదింపులు ఫలవంతంగా కొనసాగుతున్నాయి.'

మా పలాసలో జీడిపిక్కని కాలుస్తారు, కొడతారు, ఆరబెడతారు, పొర తీస్తారు. ఆడవాళ్ళ వేళ్ళు జీడికి పొక్కిపోతాయి. ఇంత చేస్తే చివర పప్పొస్తుంది. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసి అమ్ముతాం. ఇదంతా చేసి చివర పొర మిగిల్చి పప్పు పారేసే కార్ఖానా ఉందని నాకిప్పుడే తెలిసింది.

మావాణ్ణి ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. కబుర్లకి బలం లేదని కూడా అనను. 'నిండు జీవితానికి రెండు చుక్కలు' అన్న కబురు ప్రతి గుమ్మానికీ చేరింది. 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో కేసు లేదు, 2014 మార్చిలో పత్రం చేతికొచ్చింది. అయితే అక్కడ కబురు వెనక చుక్కలున్నాయి. చుక్కల్లేకుండా కబురొక్కటే పంపిస్తే ఏమౌతుందో చూడాలంటే మా దగ్గరికి రావాలి.

విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన టి. రవిరాజు గారి లాంటి డాక్టర్లు ఏళ్ళ తరబడి చెప్పినా రాజధానుల చెవికెక్కలేదు. 2017 జనవరిలో పవన్ కళ్యాణ్ ఇచ్ఛాపురం వచ్చాడు. ఆ వారం ఉద్దానం ఎక్కడుందో టీవీలన్నీ మ్యాప్ వేసి మరీ చూపించాయి. అదే ఏడు హార్వర్డ్ నుంచి కిడ్నీ వైద్యుడు బోన్‌వెంట్రే గారు విశాఖ వచ్చారు. తర్వాత డయాలిసిస్ రోగులకి నెలకి 10,000 పింఛనొచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ప్రభుత్వాలు మారాయి, ఎవరి బోర్డు వాళ్ళు రాయించుకున్నారు. సరే. ఈ మొత్తంలో కబుర్ల ఆఫీసరు పని ఎవరు చేశారంటే, ఒక సినిమా హీరో. బిళ్ళ లేకుండా, ఆమోదం లేకుండా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మంచి సమాచారానికి ఆరు లక్షణాలు చెప్పింది. అందుబాటులో ఉండాలి, ఆచరణకి వీలవ్వాలి, నమ్మేలా ఉండాలి, విన్నవాడికి సంబంధించినదై ఉండాలి, వేళకి రావాలి, అర్థమవ్వాలి. మా అమ్మ ఈ ఆరూ విని, "పాలోడికి కూడా ఇవే ఉండాల" అంది. అలాగే ఆ సంస్థకి అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. 2025 మేలో జెనీవాలో కిడ్నీ ఆరోగ్యం మీద మొదటిసారి తీర్మానం చేశారు. సంతోషం. ఎల్ సాల్వడార్ చెరకు కూలీ దాన్ని తన స్పానిష్‌లో చదువుకోగలడు. కవిటి రైతు చదవాలంటే ముందు ఆ ఆరింట్లో ఒకటి నేర్చుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో తెలుగువాళ్ళం 8 కోట్ల పైచిలుకు. అంతమందిలో ఒక్కణ్ణి పిలిచి అడిగినా రాసిపెట్టేవాడు.

మొన్న వానాకాలంలో మావాడి నివేదిక అచ్చయి వచ్చింది. నిగనిగలాడే కాగితం. ముఖచిత్రం కవిటి రైతు, కొబ్బరిచెట్టు, ఆశ. లోపలంతా ఇంగ్లీషు. ఒక ప్రతి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఆయన తన బొమ్మ చూసుకున్నాడు, "మా కొబ్బరిసెట్టు బాగా పడింది" అన్నాడు. పేజీలు తిప్పి నా చేతికిచ్చి అడిగాడు:

"ఏలేలు నుంచి రగతం తీసుకెల్తన్నారు బావూ. నాది నాలుగుసార్లు తీసినారు. మా బోరు నీలు సీసాల్లో పట్టుకెల్లినారు, తోటలో మట్టి పట్టుకెల్లినారు. నా రగతంలో ఏటున్నాదో ఇందులో రాసినారా?"

లేదన్నాను.

మా జిల్లాలోనే ఉన్న తేలినీలాపురానికి ఏటా కొంగలొస్తాయి. సెప్టెంబరులో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదిరే వేళకి వెళ్ళిపోతాయి. మళ్ళీ అవే చెట్ల మీదికొస్తాయి కాబట్టి ఊరివాళ్ళు వాటిని దేవుడి పక్షులుగా చూస్తారు. సీసాలు పట్టుకొచ్చినవాళ్ళలో మాత్రం ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ అదే గుమ్మానికి రాలేదు.

అందుకని ఉద్దానంలో రక్తం తీసుకెళ్ళిన పెద్దలందరికీ, ఏ దేశం వాళ్ళయినా, ఏ సంస్థ వాళ్ళయినా, ఒక మనవి. ఎవరి రక్తం వాళ్ళకి వాళ్ళ ఫలితం చేతికివ్వండి. ఊరి మొత్తం మీద ఏం తేలిందో ఒక్క పేజీ తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించండి. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదనే రాయండి. మాకు కోపం రాదు, అలవాటే. పైవాళ్ళ ఆమోదానికి మూడు వారాలు పడుతుందంటే ఆగుతాం. మైదాపిండి ఉడకబెట్టి జిగురు మేమే చేసిపెడతాం.