పంటి నొప్పికి పైలట్

అత్యవసరం కాని జబ్బుకు అంబులెన్సును పిలిచేవారు అజ్ఞానులన్నది వైద్య పరిపాలనా వర్గాల్లో ఏళ్ల తరబడి చలామణీ అవుతున్న సిద్ధాంతం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవలు మొదలైనప్పుడు వాటికి ఆధారమైనది ‘గోల్డెన్ అవర్’ సూత్రం, అంటే ప్రాణాపాయం ఏర్పడిన తొలి గంటలో అందే చికిత్సే రోగిని నిలబెడుతుందన్న నమ్మకం. జనం మాత్రం ఆ సూత్రాన్ని తమకు తోచినట్టు సవరించుకుని, మూడు రోజుల నాటి జ్వరానికీ, వారం నాటి పంటి నొప్పికీ ‘కుయ్ కుయ్’ బండిని పిలుస్తున్నారనీ, వారికి కావలసింది అవగాహన ఒక్కటేననీ సిద్ధాంతకారుల అభిమతం. రోగం కనిపెట్టారు గనుక మందు కూడా వారే రాశారు: ఒక సదస్సు, రెండు ఫ్లెక్సీలు, అధికారి చేతుల మీదుగా కరపత్రాల ఆవిష్కరణ.

అయితే ఈ అజ్ఞాని ప్రవర్తనను కాస్త దగ్గరగా పరిశీలిస్తే అందులో అజ్ఞానం తప్ప తక్కినవన్నీ కనిపిస్తాయి. అతడు బట్టల సంచి సర్దుకుని, ఇంటికి తాళం వేసి, బండి మలుపు తిరగడం కష్టమని తానే రోడ్డు దాకా నడిచివచ్చి నిలబడతాడు, స్ట్రెచర్ వద్దంటాడు, 108 పరిభాషలో పైలట్ అని పిలిచే డ్రైవరును ‘తమ్ముడూ, బస్టాండు దగ్గర మా బావమరిది ఎక్కుతాడు, ఒక్క నిమిషం ఆపు’ అని మర్యాదగానే అడుగుతాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాయంత్రానికి ఓపీ కట్టేస్తారనీ, ఆఖరి బస్సు వెళ్లిపోయిందనీ, చీకటి పడ్డాక ఆటోవాడు అడిగేది చార్జీ కాదు ఆస్తి అనీ అతడికి క్షుణ్ణంగా తెలుసు. పైసా అడగకుండా, రాత్రీపగలూ చూడకుండా, ఇంటి ముంగిటికే వచ్చి, ఈఎంటీ అనే శిక్షణ పొందిన సహాయకుడి చేత బీపీ కూడా చూపించే ప్రభుత్వ సేవ మరొకటి ఉంటే చూపించాలి. చూపించలేని పక్షంలో ఉన్న ఒక్కదాన్నీ ఎంచుకున్నవాడిని తెలివితక్కువవాడనడం సాహసమే అవుతుంది.

అంబులెన్సులో దిగితే ఓపీ చీటీ వరుస తప్పుతుందన్న ఆశ మాత్రం వట్టి భ్రమ. క్యాజువాల్టీలో ‘ట్రియాజ్’ అనే పద్ధతి ఉంటుంది. వచ్చిన వరుసను గానీ వచ్చిన వాహనాన్ని గానీ చూడకుండా, ఎవరి ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో చూసి ముందువెనుకలు నిర్ణయించడమే దాని సారం. కాబట్టి సైరన్ మోతతో దిగిన పంటి నొప్పి కూడా చివరికి అదే బల్ల మీద కూర్చుంటుంది. కానీ తెల్లవారుజాము నుంచి చీటీ కోసం నిలబడి, తన వంతు వచ్చేసరికి డాక్టరు లేచి వెళ్లిపోవడం చూసినవాడికి ఈ భ్రమ కూడా ఒక ఊరటే.

అసలు విచిత్రం మరోవైపు ఉంది. పిలవనక్కరలేనివారు పిలుస్తుండగా, తప్పక పిలవవలసినవారు పిలవరు. ఛాతీలో నొప్పి మొదలై, ఎడమ చెయ్యి లాగి, ఒళ్లంతా చెమట పట్టిన గృహస్థు దాన్ని గ్యాస్ అని తీర్మానించి, వాము నమిలి, సోడా తాగి, ఆ తర్వాత కొడుకు బైకు వెనక కూర్చుని ఆసుపత్రికి బయలుదేరతాడు. పక్షవాతంలో మెదడు నాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ గంటలు కాస్తా పసరు వైద్యుడి ఇల్లు వెతకడంలో గడిచిపోతాయి. గ్యాస్‌కూ గుండెపోటుకూ తేడా తేల్చడానికి డాక్టరుకే ఈసీజీ కావలసి వస్తుండగా, ఫోన్ చేసే ముందే ఆ తేడా తేల్చుకొమ్మని ఫ్లెక్సీ రోగికి హితవు చెబుతుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ గనుక హితవు ఎప్పుడూ కిందికే ప్రవహిస్తుంది. జలుబు కూడా లేని నాయకుడి కాన్వాయ్ వెంట తిరిగే అంబులెన్సు ఏ దురుపయోగ జాబితాకూ ఎక్కదు. 2023 జూలైలో హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఆపించుకుని సైరన్‌తో కూడలి దాటిన అంబులెన్సు, కొద్ది దూరంలోనే తినుబండారాల దుకాణం ముందు ఆగిన వైనాన్ని తెలంగాణ డీజీపీయే వీడియోతో సహా లోకానికి చూపించారు. గోల్డెన్ అవర్ మిరపకాయ బజ్జీకి కూడా వర్తిస్తుందని ఆ రోజే తెలిసింది. ఇక అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గ్రామాల్లో గర్భిణినే డోలీ కట్టి అంబులెన్సు ఆగిన చోటికి మోసుకొస్తారు. అక్కడ దురుపయోగం చేద్దామన్నా రోడ్డు సహకరించదు.

ఇంత మాత్రాన నష్టం లేదని కాదు. పంటి నొప్పిని మోస్తున్న బండి, అదే సమయంలో హైవే మీద నెత్తురోడుతున్నవాడికి అందదు. అతడికి రోగి తర్కం, సర్కారు తర్కం రెండూ సమానంగా నిరుపయోగం. అందుకే నింద ఎవరి మీద వెయ్యాలన్నది తేలవలసిన విషయం. రాత్రిపూట తలుపు తీసి ఉండే ఆసుపత్రి, అక్కడికి చేర్చే బస్సు ఏర్పాటైన మర్నాడు కూడా ఎవరైనా పంటి నొప్పికి 108ని పిలిస్తే, అతడిని అజ్ఞాని అనే హక్కు ప్రభుత్వానికి దఖలు పడుతుంది. అంతవరకు ఆ బిరుదుకు హక్కుదారు ఫోన్ చేసినవాడా, ఫ్లెక్సీ కట్టించినవాడా అన్నది తేలని తగాదాయే.